పిట్టకు పోసిన సింగిల్ మాల్ట్

మంచి విస్కీలో కూల్‌డ్రింక్ కలుపుకునేవాణ్ణి నేను ఇవాళ్టికీ మనిషి లెక్కలో వేయలేను. సోడా పోస్తే క్షమిస్తాను. నీళ్లు పోస్తే మెచ్చుకుంటాను, అదీ నాలుగు చుక్కలైతేనే. ఈ పొగరు నాకు మా మేనమామ నుంచి వచ్చింది. ఆయన నాచారంలో ఒక దారం మిల్లులో సూపర్‌వైజర్. నేను అదే రోడ్డులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మా ఇద్దరి జీతాలు కలిపినా అది స్కాచ్ తాగే జీతం కాదు. అయినా ఉప్పల్‌లో స్టేడియం లేస్తున్న రోజుల నుంచి, ఏడాదికో రెండేళ్లకో ఒక సింగిల్ మాల్ట్ సీసా మా మధ్యకు వచ్చేది.

అదేమిటో చుట్టాలకు చెప్పి చెప్పి మా నోళ్లు నొప్పి పుట్టాయి. మొలకెత్తిన బార్లీ తప్ప వేరే గింజ కలపకుండా, ఒకే బట్టీలో కాచి, కట్టె పీపాల్లో ఏళ్ల తరబడి ఊరనిచ్చిన సరుకు అది. వైన్స్‌లో మనకు అమ్మేది చాలావరకు చెరకు మడ్డి స్పిరిట్, దానికి ఇంత రంగూ ఇంత వాసనా. ఇదంతా ఓపికగా వివరిస్తే, విన్నవాడు పల్లీలు నములుతూ "ఏదైతేంది, ఎక్కాలె గదా" అనేవాడు.

"ఎక్కుడే గావాలంటే నిచ్చెన కొనుక్కోరాదు?" అనేవాడు మామ.

సీసా తెచ్చేది మా గల్లీవాడే, దుబాయ్‌లో డ్రైవర్. సెలవు మీద వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ దుకాణంలో కొనేవాడు. మొదటిసారి మమ్మల్ని అడగకుండా, బంగారు అక్షరాల పెద్ద డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. లోపల నాలుగు బట్టీల సరుకు, అందులో సగం మామూలు గింజలది, కలిపి పోసిన విస్కీ. పైన పటారం, లోన లొటారం. మా డబ్బులో మూడో వంతు ఆ డబ్బాకే పోయిందని మామ వారం రోజులు తిట్టాడు. ఆ తిట్ల నుంచే మా సూత్రాలు పుట్టాయి. డబ్బా పెద్దదైతే ముట్టొద్దు. ముదురు రంగు చూసి మురవొద్దు, రంగు కలపడం వాళ్లకూ తెలుసు. సీసా మీద వయసు అంకె లేదని భయపడొద్దు, ఆ అంకెకే సగం ధర. రెండింటి ధరా ఒకటే అయితే ఘాటు ఎక్కువున్నదే కొనాలి. ఘాటు తగ్గించాలంటే నీళ్లు మన నల్లాలోనూ వస్తాయి, ఇంకొకడు పోసిన నీళ్లకు మనమెందుకు డబ్బు కట్టాలి?

ఈ సూత్రాలతోనే ఒక ఏడాది పొగ వాసన సరుకు తెమ్మని చెప్పాం. స్కాచ్ పుట్టిన దేశంలో తడినేల మట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగ మీద బార్లీని ఆరబెడతారట. అందరికీ నచ్చదు కాబట్టి ఆ రోజు దుకాణంలో తగ్గింపులో ఉంది. మూత తీయగానే మామ ముఖం వెనక్కి తీసుకున్నాడు.

"ఇదేందిరా, దవాఖానల కట్టు కట్టినట్టు వాసనొస్తుంది?"

నాకూ అలాగే అనిపించింది. డబ్బు మట్టిపాలైందని ఇద్దరం దిగులుపడ్డాం. కానీ పారబోసే తాహతు లేదు కదా, రోజూ ఇంత తాగాం. నాలుగు రోజులకు ఆ పొగ వెనకాల ఉప్పు తెలిసింది, దాని వెనకాల తీపి తెలిసింది. ఆదివారం నాకు ఫోన్ చేసి "జర గా దవాఖాన సీస పట్టుకొని రా" అన్నాడు. ఆ తరవాత మేం వేరేది కొనలేదు.

సగం ఖాళీ అయిన సీసాలో గాలి చేరి వాసన చచ్చిపోతుంది. ఏడాది పొడుగునా దాచుకునే మాలాంటివాళ్లకు అది పెద్ద నష్టం. అందుకని నా వాటాను ఖాళీ టానిక్ సీసాల్లో మెడ దాకా నింపి, బిరడా బిగించి పెట్టుకునేవాణ్ణి. మామ మాత్రం తన వాటాను అసలు సీసాలోనే ఉంచి, బీరువాలో చీరల కింద దాచేవాడు. తాగని రోజుల్లో చూసుకోవడానికైనా ఉండాలి గదా అనేవాడు.

మా వైపు గ్లాసు ఎత్తేముందు వేలు ముంచి ఒక చుక్క నేల మీద విదిలిస్తారు. పోయినవాళ్లకు, భూతల్లికి. వైన్స్ సరుకైతే మామ ధారాళంగా చల్లేవాడు. మా సీసాదైతే వేలి కొస తడిపి, విదిలించినట్టు చేసి, గభాలున నోట్లో పెట్టుకునేవాడు. "భూతల్లికి పొగ పడదురా" అనేవాడు. అంత పిసినారి.

ఒకనాడు సాయంత్రం డాబా మీద కూర్చుని ఉన్నాం. గ్లాసు అడుగున రెండు గుక్కలున్నాయి. మామ ఉన్నట్టుండి అన్నాడు.

"అల్లుడా, నేను పోయినంక పిట్టకు పెడ్తరు గదా. అప్పుడు నాకు గీ దవాఖాన సీసదే పొయ్యాలె. వేరేది పోసిన్రనుకో, కాకిని దిగనియ్య. నీ మీద పెడుతున్న."

మనిషి పోయిన మూడో రోజున ఆయనకు ఇష్టమైనవన్నీ వండి బొందలగడ్డకు, అంటే శ్మశానానికి, తీసుకెళ్లి ఆకేసి పెడతారు. తాగేవాడైతే కల్లో సారానో విస్కీయో పోస్తారు. కాకి ముడితే ఆయనకు తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. నేను నవ్వుతూనే చేతిలో చెయ్యి వేశాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తుండగా, డ్యూటీకి బయల్దేరబోతూ మామ గుండె ఆగి పోయాడు. ఆయనకు ఒక్కతే కూతురు. పెత్తనమంతా ఆమె భర్తే, అంటే మామ అల్లుడే, తీసుకున్నాడు. వరసకు నాకు అన్న. కీసర వైపు ప్లాట్లు అమ్మి బాగా సంపాదించాడు, హబ్సిగూడలో ఫ్లాటు కొన్నాడు, మెళ్లో గొలుసు చొక్కా పైనుంచి వేసుకుంటాడు. ఏ వస్తువునైనా తిరగేసి ముందు ధర చూసే రకం.

దహనం అయిన సాయంత్రం మగవాళ్లు డాబా మీద కూర్చున్నారు. దుఃఖం దిగడానికి అలా కూర్చోవడం మామూలే, దానికి నా అభ్యంతరం లేదు. పైకి వెళ్లి చూస్తే వాళ్ల మధ్యలో మామ సీసా, ఖాళీగా, పక్కకు పడి ఉంది. దాని పక్కన రెండు లీటర్ల కూల్‌డ్రింక్.

"అన్నా, అది మామ దాసుకున్నది."

"అవునా తమ్మీ? పాడైంది గది. మందు వాసనొస్తుంది. అందుకే కూల్‌డ్రింక్ కలిపినం."

పాడైందని తెలిసీ అడుగంటా తాగారు. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు గానీ, గాడిద కనీసం గంధాన్ని కూల్‌డ్రింక్‌లో ముంచదు. పిట్టకు అదే పోయమని మామ నా చేతిలో చెయ్యి వేయించుకున్న సంగతి చెప్పాను. అన్న నా భుజం తట్టాడు.

"ఫికర్ జేయకు. మామకు నేను తక్కువ జేస్తనా? దానికంటె కాస్ట్లీది తెస్త."

ఇంట్లో నా దగ్గర ఒక్క టానిక్ సీసా మిగిలి ఉంది. మూడో రోజు దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లాను. అత్త ఆకేసి అన్నం, మటన్, కాలేయం ముక్కలు, గుడ్డు పెట్టింది. నేను అన్నను పక్కకు పిలిచి సీసా చూపించాను.

"నలుగుట్ల టానిక్ సీసలకెల్లి పోస్తే నా ఇజ్జత్ ఏం గావాలె తమ్మీ?" అన్నాడు.

తను తెచ్చింది వెల్వెట్ గుడ్డ పరిచిన డబ్బాలో ఉంది. మేం మొదట్లోనే వద్దనుకున్న రకం, కలిపి పోసిన విస్కీ, కాకపోతే మా సీసాకు నాలుగింతల ధర. స్టీలు గ్లాసు నిండా పోశాడు. డబ్బాను ఆకు పక్కనే, పేరు జనం వైపు ఉండేటట్టు నిలబెట్టాడు. చచ్చిపోయినవాడికి ఎంత పెట్టాడో బతికున్నవాళ్లు చూడాలి కదా.

అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు గోడ మీదే ఉన్నాయి, దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. "అత్తను నేను సూసుకుంట మామా" అని అన్న గట్టిగా మాటిచ్చాడు. దిగలేదు. "నీ సంవత్సరీకం ఘనంగ జేస్త" అన్నాడు. దిగలేదు. ఎవరో మనవడి చదువన్నారు, ఎవరో మొక్కులన్నారు. నేను జేబులో సీసాను పట్టుకుని నిలబడ్డాను. నాకు కాకుల మీద నమ్మకం లేదు. కానీ మాటిచ్చింది నేను, మామకు ఈ లోకంలో పోసే చివరి గ్లాసు అది, ఆ గ్లాసులో అల్లుడి గొప్ప తప్ప మామ లేడు. నాకు ఏడుపొచ్చేంత అసహ్యం వేసింది.

అత్త నా ముఖం చూసింది.

"నీకేమన్న చెప్పిండా బిడ్డా?"

చెప్పాను. సీసా చూపించాను. అత్త అల్లుడి వైపు చూడలేదు.

"పొయ్యి" అంది.

ఆకు దగ్గరకు వెళ్లి, ఆ ఖరీదైన గ్లాసును పొదల్లోకి గుమ్మరించాను. వెనక నుంచి మగవాళ్లంతా ఒక్కసారే "అయ్యో" అన్నారు. మామ పోయినప్పుడు కూడా అంత బాధగా అన్నది వినలేదు. టానిక్ సీసా బిరడా తీసి గ్లాసులోకి ఒంపాను. దవాఖాన వాసన గుప్పుమంది.

"సచ్చినోనికి ఇప్పుడు దవాఖాన మందేందిరా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

నేను వెనక్కి వచ్చాను. కాసేపటికి ఒక కాకి దిగింది. దానికి సింగిల్ మాల్ట్ తెలుసని నేను చెప్పను. ఆకలేసి ఉంటుంది. కాలేయం ముక్క కోసం గెంతి, కాలితో గ్లాసును తన్నేసి, ముక్క కరుచుకుని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది" అని జనం తువ్వాళ్లు దులుపుకుని కదిలారు. అన్న ముందు తన డబ్బా తీసుకున్నాడు.

నేను ఆకు దగ్గరే కూర్చుండిపోయాను. గ్లాసు మొత్తం నేలలోకి ఇంకింది. బతికినన్నాళ్లూ భూతల్లికి చుక్క విదిలించడానికి ప్రాణం ఒప్పని మనిషి, ఒక్కసారే అంతా ఇచ్చేశాడు. తడిసిన మట్టిలోంచి పొగ వాసన వస్తోంది. సీసా అడుగున మిగిలిన తడిని వేలి కొసకు అద్దుకుని, విదిలించినట్టు చేసి, నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాను, మూడు రోజుల్లో మొదటిసారి.

అన్న వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"తమ్మీ, అండ్ల ఇంకేమన్న ఉందా? గంత గొప్పదైతే జర రుసి సూద్దామని."

బిరడా బిగించి సీసా జేబులో పెట్టుకున్నాను.

"పాడైందన్నా" అన్నాను.