మామగారికి రెండో బ్యాచి

చెప్పుల షాపు మీది మేడలో రెండే గదులు. మెట్లెక్కగానే వచ్చే గదిలో గిటారు కొత్తగా పట్టినవాళ్ళు కూర్చుంటారు. వెనక గదిలో రెండో బ్యాచి, అంటే కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు. మధ్య తలుపుకు గడియ కూడా సరిగ్గా పడదు గానీ, ఆ గడప దాటడానికి జనం పడే ఆరాటం అంతా ఇంతా కాదు. దాటించే అధికారం ఒక్క గిటారు మాస్టారిదే. చూడబోతే మెతక మనిషి. కూరగాయల దగ్గర బేరమాడలేరు, చొక్కా ఇస్త్రీ బాగాలేదని లాండ్రీలో అడగలేరు. ఈ గడప విషయంలో మాత్రం ఉడుంపట్టు. తండ్రులు బతిమాలినా, తల్లులు బుంగమూతి పెట్టినా, "ఇంకా కాలేదండీ" అన్న మాట తప్ప ఆయన నోట మరోటి రాదు.

చెయ్యి తిరిగిందో లేదో తేల్చడానికి మాస్టారికొక పద్ధతి ఉంది. ఎన్ని పాటలొచ్చు, వేళ్ళు ఎంత జోరుగా కదులుతాయి, ఇవేవీ అడగరు. వాయించమంటారు. పాట సగంలో ఉండగా, తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ళలున్న రేకు డబ్బాను బల్ల మీంచి కిందికి తోసేస్తారు. డబ్బా ఢామ్మని పడుతుంది, బిళ్ళలు గదంతా చెల్లాచెదురవుతాయి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడి ఆగిపోతారు. చెయ్యి తిరిగినవాళ్ళు పాటలోనే ఉంటారు. కుర్రతనంలో ఒక విందులో వాయిస్తుంటే వెనక స్పీకరు కూలి, మాస్టారు గిటారు వదిలేసి నోరు తెరుచుకుని దానికేసి చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు బృందం పెద్ద అందరి ముందూ పెట్టిన చీవాట్లలోంచి పుట్టిందీ డబ్బా పరీక్ష. ఇదేమీ గొప్ప శాస్త్రం కాదు గానీ, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. మామగారు వచ్చేదాకా.

మామగారు, అంటే మాస్టారి భార్యకు తండ్రి, తాపీ మేస్త్రీ. ఆ పేటలో సగం గోడలు తన చేతుల్లో లేచినవేనంటారు. మిగతా సగం తనవి కావని చూస్తేనే తెలియడం లేదా అని కూడా అంటారు. మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ఇంట్లో కూర్చున్నారు. కూర్చుంటే ఊరుకునే రకమా? వంటగదిలో అరలు ఒక వేలు వంకరగా ఉన్నాయని విప్పదీశారు. బిగించేలోపు అత్తగారి సామానంతా మంచం మీదికి చేరింది.

అత్తగారు నేరుగా అల్లుడి దగ్గరికే వచ్చారు. "బాబూ, మీకు పుణ్యముంటుంది. ఈయనకి ఏదో ఒక పని చెప్పండి. లేకపోతే రేపో మాపో గోడలు కూడా విప్పేస్తారు."

అలా మామగారు మొదటి గదిలో చేరారు. ఇంటికొస్తే అల్లుడికి మంచి కుర్చీ వేసి తాను స్టూలు మీద కూర్చునే మనిషి, ఇక్కడ అదే అల్లుడి ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. మాస్టారికి అది మరీ ప్రాణసంకటం. "ఆ వేలు ఉంది చూశారూ, మావయ్యగారూ, దానికేమీ అభ్యంతరం లేకపోతే కాస్త పైకి..." అంటూ నీళ్ళు నమిలేవారు.

"మాస్టారూ, ఇక్కడ నేను మీ మామను కాను," అన్నారొకసారి మామగారు. "మెత్తగా చెబితే నాకు ఎక్కదు. పనిలో కొత్త కూలీకి చెప్పినట్టు గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పడం మాస్టారి వల్ల కాలేదు. దానికి తోడు మామగారికి మొదటిరోజే ఒక భ్రమ పట్టుకుంది. కొత్తగా గిటారు పట్టినవాళ్ళందరికీ తీగలు ఒత్తి ఒత్తి వేళ్ళ చివరలు మంటెక్కుతాయి. అవి కాయలు కాసి నొప్పి పోతే సగం నేర్చేసినట్టేనని మొదటి గదిలో అందరి నమ్మకం. పక్కన కూర్చున్న, ఫార్మసీలో పనిచేసే అమ్మాయి ఎర్రబడ్డ వేళ్ళు ఊదుకుంటుంటే మామగారు తన వేళ్ళు చూసుకున్నారు. ఇటుకలు మోసి, సిమెంటు కలిపి ఎప్పుడో రాటుదేలిన వేళ్ళవి.

"నాకు నొప్పే లేదే!" అన్నారు సంబరంగా. "అయితే నేను సగం వచ్చేసినట్టేగా?"

ఆ మిగతా సగం మీద ఆయనకు తొందర పుట్టడానికి కారణం వేరే ఉంది. పెళ్ళయి నలభై ఏళ్ళు కావస్తోంది. పెళ్ళిరోజు సాయంత్రం తమ అపార్ట్‌మెంటు కింది హాల్లో చుట్టాలనీ స్నేహితులనీ పిలవాలని కూతురు అనుకుంటోంది. అత్తగారు బాగా పాడతారు. బట్టలు ఆరేస్తూ పాడతారు, అంట్లు తోముతూ పాడతారు. ఇన్నేళ్ళలో ఆవిడ పాటకు ఎవరూ ఏదీ వాయించలేదు. ఆ రోజు రెండో బ్యాచి మధ్యలో కూర్చుని తాను వాయించాలి, ఆవిడ పాడాలి. ఇదీ మామగారి కోరిక. రెండో బ్యాచిలో లేనివాళ్ళను మాస్టారు నలుగురి ముందు వాయించనివ్వరు. అది ఊరందరికీ తెలిసిన నియమం.

"మా నాన్న నిన్ను ఇంతవరకూ ఒక్కటైనా అడిగారా?" అంది మాస్టారి భార్య, భోజనం దగ్గర. "తలుపు తీస్తే నీ సొమ్మేం పోయింది?"

"తీస్తే రేపు ఆయన్నే నవ్వుతారు."

"అయితే నీ డబ్బా ఏదో తొందరగా పడేయ్. తేలిపోతుంది."

పడేశారు. ఆ రోజు మొదటి గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. డబ్బా ఢామ్మంది. ఫార్మసీ అమ్మాయి కెవ్వుమంది. మామగారు మాత్రం కనురెప్ప కూడా వెయ్యలేదు. ఒక బిళ్ళ ఎగిరొచ్చి ఒళ్ళో పడినా కిందికి చూడలేదు. పాట చివరిదాకా లాక్కొచ్చి ఆపారు. గదంతా చప్పట్లు. మాస్టారు తానే లేచి మధ్య తలుపు తీశారు. మామగారి కాళ్ళు నేలమీద నిలవలేదు. కిందికెళ్ళి చెప్పుల షాపు వాళ్ళక్కూడా టీలు తెప్పించారు.

మర్నాడు రెండో బ్యాచిలో అసలు భాగోతం బయటపడింది. అందరూ కలిసి మొదలెట్టిన పాటలో మామగారు ఒక దారి, మిగతావాళ్ళు ఇంకో దారి. వాళ్ళు నెమ్మదిస్తే ఈయన నెమ్మదించరు. వాళ్ళు ఆగితే ఈయన ఆగరు. అందరూ ముగించి గిటార్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఈయన తల వంచుకుని ఇంకా ఒక చరణం మిగిలినట్టు వాయించుకుపోతున్నారు. మాస్టారు తల పట్టుకున్నారు.

గుట్టు అత్తగారే విప్పారు. "మీ డబ్బా సంగతి ఆయనకి మొదటిరోజే తెలుసు కదా, బాబూ. నెల నుంచీ ఇంట్లో అదే సాధన. నన్ను మిక్సీ తిప్పమంటారు. ఖాళీ మిక్సీ కాలిపోతుందయ్యా అంటే వినరు. టీవీ పెద్దగా పెట్టిస్తారు. కాంక్రీటు మిక్సరు పక్కన నలభై ఏళ్ళు పనిచేసిన చెవులు, వాటినింకా మూసేశారు. నేను అన్నానికి పిలిచినా పలకడం లేదు."

చప్పుడుకి ఆగనివాడు నేర్చినవాడు అనుకున్నారు మాస్టారు ఇన్నాళ్ళూ. మామగారు చప్పుడుతో పాటు పాటను కూడా వినడం మానేశారు. పరీక్ష నెగ్గారు, నియమం ప్రకారం తలుపు దాటారు. దాటినవాళ్ళను వెనక్కి పంపడం ఇంతవరకూ జరగలేదు. పంపితే మామగారి మనసు విరుగుతుంది, కూతురింట్లో ఆయన తలెత్తుకోలేరు. పంపకపోతే పెళ్ళిరోజు సాయంత్రం చుట్టాలందరి ముందూ అత్తగారి పాట ఒకవైపు, ఆయన గిటారు మరోవైపు పోతాయి. నవ్వులపాలయ్యేది ఆయనే.

మాస్టారు రెండు రోజులు తప్పించుకు తిరిగి, మూడో రోజు క్లాసు అయ్యాక మామగారిని మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేశారు. ఈసారి నీళ్ళు నమల్లేదు.

"మావయ్యగారూ, తప్పు నాది. మిమ్మల్ని తొందరపడి పంపాను. మీరింకా మొదటి గదిలోనే ఉండాలి."

మామగారు అరచేతులు తిప్పి వేళ్ళ చివరలు చూసుకున్నారు. "డబ్బా పడ్డా ఆగలేదు కదండీ నేను?"

"ఆగలేదు. పక్కవాళ్ళు ఆగినా ఆగలేదు. అదే ఇబ్బంది. మీకు పక్కవాళ్ళు వినిపించడం లేదు. మీ గిటారు కూడా మీకు వినిపించడం లేదేమో."

మామగారు లేచి, గిటారు భుజానికి తగిలించుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయారు. ఆ వారమంతా క్లాసుకి రాలేదు. భోజనాల దగ్గర భార్య మాస్టారిని ఉప్పు అందించమని కూడా అడగలేదు, లేచి తానే తెచ్చుకుంది. చివరికి ఆదివారం పొద్దున్నే మాస్టారు మామగారింటికి వెళ్ళారు. మంచి కుర్చీ వేశారు గానీ, మామగారు మొహం పేపర్లోంచి తియ్యలేదు.

"ఒక్క పని చెప్పడానికొచ్చాను. కూలీకి చెప్పినట్టే చెబుతున్నా," అన్నారు మాస్టారు. "మిక్సీ, టీవీ, అన్నీ బంద్. అత్తయ్యగారు వంటగదిలో పాడుతుంటే పక్కన స్టూలేసుకుని వాయించండి. ఆవిడ నెమ్మదిస్తే నెమ్మదించండి. ఆవిడ ఆగితే ఆగండి. అంతే."

పేపరు కిందికి దిగింది. "ఆవిడ పాటకి తలాతోకా ఉంటుందా? ఉల్లిపాయ తరగడం అయ్యేదాకా ఒకే లైను సాగదీస్తుంది. స్టవ్ మీద చారు పొంగితే పాట సగంలో వదిలేస్తుంది. మళ్ళీ ఎక్కడ అందుకుంటుందో ఆవిడకే తెలీదు."

"అందుకేనండీ."

"నా పాటకేం వచ్చింది?" అని వంటగదిలోంచి అత్తగారు ఒంటికాలి మీద లేచారు. మామగారికి నవ్వొచ్చింది. మాస్టారికి సగం ప్రాణం లేచొచ్చింది.

రెండో బ్యాచి మధ్యలో వాయించే మాట ఎవరూ ఎత్తలేదు. పెళ్ళిరోజు సాయంత్రం హాల్లో మడత కుర్చీలు నిండాక, మామగారు తానే గిటారు తెచ్చుకుని అత్తగారి పక్కన కూర్చున్నారు. మాస్టారికి చెప్పలేదు, అడగలేదు. నియమం సంగతి మాస్టారికి గుర్తొచ్చింది గానీ, పెళ్ళిరోజు నాడు పెళ్ళికొడుకుని లేపేదెవరు? వెనక గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

అత్తగారు మొదలెట్టారు. మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో ఆవిడ చూపు మామగారి కొత్త చొక్కా మీద పడింది. కాలరుకు ధర చీటీ వేలాడుతోంది. ఆవిడకు నవ్వాగలేదు. నవ్వుతూ ఒక లైను, నవ్వు ఆపుకుంటూ ఒక లైను, తర్వాత మాటలే మరచిపోయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఇక మామగారు తల వంచుకుని పరుగు తీస్తారు, ఆవిణ్ణి అక్కడే వదిలేసి.

తియ్యలేదు. మామగారు తలెత్తి భార్యకేసి చూశారు. చెయ్యి నెమ్మదించింది. అవే రెండు స్వరాల మీద, మెత్తగా, మళ్ళీ మళ్ళీ తిరుగుతూ నిలిచింది. తొందరేమీ లేదు, నువ్వు రా, అన్నట్టుగా. అత్తగారు కళ్ళు తుడుచుకుని అందుకున్నారు, అదీ ఒక చరణం మొత్తం దాటేసి. మామగారి వేళ్ళు ఒక్క క్షణం తడబడి ఆవిడ ఎక్కడుందో అక్కడికే వెళ్ళాయి. ఇద్దరూ కలిసి పాట ముగించారు. చప్పట్లు కొట్టాలని కూడా తట్టలేదు మాస్టారికి. కళ్ళలో నీళ్ళు నిండాయి, సంతోషంతోనే.

జనం వెళ్ళాక మామగారు గబగబా ఆయన దగ్గరికొచ్చారు. మొహంలో పెళ్ళికొడుకు కళ ఏమీ లేదు, దిగులే ఉంది. "మొదటి చరణం చివర్లో నా చిటికెన వేలు సరిగా ఆనలేదు. తీగ చచ్చినట్టు మోగింది. మీరు పట్టేసే ఉంటారు."

మాస్టారు పట్టలేదు. ఆ మాటే చెప్పారు.

"చివర్లో కూడా ఒక దెబ్బ ముందే వేశాను. పాటంతా తప్పులే వినిపించాయి నాకు. ఇదివరకు ఇన్ని ఉండేవి కావు, అల్లుడూ. నేను వెనక్కి పోతున్నట్టున్నాను. మొదటి గదిలోనే ఇంకో ఏడాది ఉంచండి."

"కుదరదు, మావయ్యగారూ," అన్నారు మాస్టారు, గట్టిగా. "రేపట్నుంచి వెనక గది."