రెండు మార్కులు, ఒక స్తోత్రం

ఇవాళ నాకు కడుపు మండింది. దాచుకునేదేముంది, రాస్తున్నాను. చదివింది రెండో తరగతే, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా మనవరాలు కెజియా బడిలో పరీక్ష పెట్టారు. ఎనభై మార్కులు వచ్చినవాళ్ళకి ఈ ఏడే పై తరగతి లెక్కలు చెబుతారట. మా పిల్లకి డెబ్బై ఎనిమిది వచ్చాయి. నాతో పాటు మిరప యార్డులో బస్తాలు మోసిన ఏసోబు మనవరాలికి ఎనభై ఒకటి.

సాయంత్రం బడికెళ్ళి మాష్టారిని అడిగాను. "రెండు మార్కులేగా అయ్యా, మా పిల్లనీ కూర్చోబెట్టండి."

"మరి డెబ్బై ఆరు వచ్చిన పిల్ల తాతగారికి నేనేం చెప్పాలండీ?" అన్నాడాయన. దండం పెట్టి బయటికొచ్చాను.

గేటు దగ్గర ఏసోబు కాచుకుని ఉన్నాడు. "ఏరా, కుదరలేదా? పోన్లే, మీ పిల్ల కూడా తెలివైందేలే" అన్నాడు. ఆ జాలికి నా ఒళ్ళు మండిపోయింది. "ఆదివారం గుడిలో, దేవుడు మా పిల్లకి చేసిన మేలుకి సాక్ష్యం చెబుతున్నాన్రా. ముందు వరసలో కూర్చో" అని కూడా అన్నాడు.

కెజియా మాత్రం వాళ్ళ పిల్లతో ఒకే పుల్లైసు పంచుకుని తింటోంది.

ఆదివారం వాడు లేచి ఆ మార్కులు చెబుతాడు. సంఘమంతా స్తోత్రం అంటుంది. మా గుడిలో నాకంటే గట్టిగా స్తోత్రం చెప్పే మనిషి లేడు. నేను ఊరుకుంటే అందరికీ తెలిసిపోతుంది.

గొంతు పట్టేసిందని చెప్పనా? మీరైతే ఏం చేస్తారు? ఏసోబు కూడా ఇది చదువుతాడు. చదవనివ్వండి.