గంజి వదలని గుడ్డ

మా ముత్తాత సిరిసిల్లలో పది మందితో మగ్గాలు నేయించిన ఆసామి. ఆయన వీధిలోకి వస్తే మగ్గాల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాత నేసిన పట్టుకు ఎవరూ బేరమాడలేదట. ఆ పేరుతో పాటు, కరోనా కాలం నుంచి ఒక అబద్ధాన్నీ మోస్తున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

సూరత్‌లోని ఒక ప్రయోగశాలలో నాది నేతపని. కార్బన్ నానో దారంతో అరచేతిలో సగమంత గుడ్డ నేసేవాణ్ణి. విరిగిన ఎముకలో ఖాళీ పడ్డచోట దాన్ని అమర్చితే, దాన్ని పట్టుకుని కొత్త ఎముక పెరగాలి. అదీ ఆలోచన. ముందుగా ఆ గుడ్డ మీద ఎముక కణాలను పెంచి చూసే పని లతది. వాళ్ల నాన్న సూరత్‌లోనే, పాండేసరలో, రంగుల మిల్లు కార్మికుడు. మా తెలంగాణవాళ్లే.

దారం వెంట్రుక కంటే సన్నం. నేస్తుంటే తెగేది. దానికి ఏదీ అంటించవద్దని ప్రయోగశాల నడిపే సార్ ముందే చెప్పారు. లాక్‌డౌన్‌లో చూసేవాళ్లు లేరు. నా దగ్గరున్న తాత కుంచెతో పడుగు దారాలకు పలుచగా గంజి పట్టించాను. గుడ్డ బిగువుగా వచ్చింది. కడగకుండానే ఇచ్చాను. మా ఇళ్లలో నేసినవాడు గంజితోనే అప్పగిస్తాడు, ఉతుక్కునేది కట్టుకునేవాళ్లు. అది అలవాటేనా? కడిగితే నేత వదులై నా పేరు పోతుందన్న భయమా? భయమే అనుకుంటాను.

కణాలు పట్టలేదు. ప్రతిసారీ గుడ్డ మీంచి జారి, ద్రవంలో తేలి చచ్చిపోయాయి. లోపం లత చేతిలోనే ఉందన్నారు సార్.

ఆమె నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, జర నిజం చెప్పు. దారానికి గంజి గిట్ల పెట్టినవా? తడిపితే వేలుకు జిగట తగుల్తుంది."

"మీ నాయిన మిల్లుల బట్టలు రంగుల ముంచుతడు. నువ్వు నాకు నేత నేర్పుతవా?"

ఆమె మాస్కు సరిచేసుకుంది. "మీ తాత ముచ్చట మస్తుసార్లు ఇన్న అన్నా. నేనడిగేది గంజి ముచ్చట."

"పెట్టలే."

ఆమెను తీసేశారు. అప్పటికే నేసి ఉంచిన మరో గుడ్డను నేను వేడినీళ్లలో బాగా కడిగి ఇచ్చాను. కణాలు పట్టాయి. లత స్థానంలో వచ్చినామె చేతిపనిని సార్ మెచ్చుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

లత ఇప్పుడు సూరత్‌లోనే, అమ్రోలిలో, పిల్లలకు ట్యూషన్లు చెబుతోందని విన్నాను. వెళ్లలేనంత దూరమేమీ కాదు. వెళ్లలేదు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక నాకు చెందాలా అంటే, తెలియదు.

ఆమెను తీసేసిన వారమే మా వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. తాత ఇంటి నుంచి మాకు మిగిలిన వస్తువు ఆ కుంచె ఒక్కటే. అమ్మేశాను.