బోణీ బేరంలో కొన్న బెల్టు

పద్నాలుగు వందల టైమింగ్ బెల్టును ఏడు వందలకు కొన్న మొనగాణ్ని నేను. అదీ, అమ్మనని మొండికేసిన కొట్టువాడి చేత అమ్మించి మరీ. ఇంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

కారు మా తమ్ముడిది. రైలింజన్ల షెడ్‌లో డ్యూటీ దిగి వచ్చి, ఆ పాత కారు ఇంజిన్ విప్పుకుని కూర్చునేవాడు. ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్‌ను గీయించి పలచన చేశాడు, వాల్వుల్ని తెరిచే క్యామ్ వేరేది వేశాడు, వాటికి గట్టి స్ప్రింగులు బిగించాడు. అప్పటినుంచీ ఆ ఇంజిన్ గొంతులో ఏదో అడ్డుపడ్డ మనిషిలా గుడగుడమనేది. ఊళ్లో అలాంటి చప్పుడు ఇంకో బండికి లేదు.

వాడు కామెర్లతో పోయాక బండి నాకొచ్చింది. మొదటిసారి నేను స్టార్ట్ చేసిన రోజు వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "చిన్నోడా, బేగి వచ్చీ నాన్నా!"

నేను పెద్దోణ్ని. చిన్నోడని పిలిచేది తమ్ముణ్ని. ఆ తర్వాత కూడా బండి తీసిన ప్రతిసారీ అదే పిలుపు. అమ్మకు మతి పోలేదు, వాడు లేడని తెలుసు. చప్పుడు వినబడగానే నోరు దానంతటదే పలికేది. నేనూ "ఊఁ" అనేవాణ్ని, వాడి లాగే.

లింగియాడీహ్ పేటలో తమ్ముడి స్నేహితుడొకడు మెకానిక్. బండి చూసి పెదవి విరిచాడు.

"బెల్టు మార్చాల అన్నా. రాయ్‌పూర్ నుంచి గట్టిది తెప్పిస్తాను. మూడు వేల పైనే."

"పళ్లూ వెడల్పూ మామూలు దానివే కదా? మరేటి అంత రేటు?"

"స్ప్రింగులు గట్టివి, లాగుడెక్కువ. పైగా హెడ్ గీయించీసినాడు కదా, బెల్టు తెగితే బండి ఊరికే ఆగిపోదు. వాల్వులెళ్లి పిస్టన్లని గుద్దీస్తాయి."

విన్నాను. కానీ నేను కిరాణా కొట్టులో పెరిగినవాణ్ని. పొద్దున్నే మొదటి గిరాకీని ఉత్తచేతులతో పంపితే రోజంతా గల్లా ఎండిపోతుందని మా నాన్న నమ్మకం. ఈ హిందీ ఊళ్లో కొట్లవాళ్లదీ అదే నమ్మకం. మనం బోణీ అంటాం, వాళ్లు బోహనీ అంటారు. అందుకే దయాల్‌బంద్ బజారులో కారు పార్టుల కొట్టు షటర్ లేచే వేళకే వెళ్లి నిలబడ్డాను. అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"యే మత్ లో భయ్యా, పురానా మాల్ హై," అన్నాడు కొట్టువాడు. పాత సరుకు, వద్దని.

"అచ్ఛా? బోహనీ మే గ్రాహక్ వాపస్?" అన్నాను, రేటులో సగం, ఏడు వందలు బల్ల మీద పెట్టి. బోణీ గిరాకీని వెనక్కి పంపుతావా అని.

అతను అగరొత్తి వైపు చూశాడు, నా వైపు చూశాడు, పెట్టె దించాడు. డబ్బు కళ్లకద్దుకున్నాడు గానీ మళ్లీ నా మొహం చూడలేదు. నేను గెలిచాననుకున్నాను.

మెకానిక్ ఆ బెల్టును వెనక్కి వంచి చూపించాడు. "సన్నగా పగుళ్లున్నాయి అన్నా."

"నడుస్తాది, వెయ్యరా."

"నీ మాట మీదే వేస్తన్నాను."

వర్షాలు మొదలయ్యేదాకా నడిచింది. మా కిరాణా కొట్టు తగాదా పనిమీద బోద్రీ కోర్టుకు వెళ్తుంటే, సంతకం పెట్టడానికి అమ్మ కూడా వెనక సీట్లో ఉంది. దారిలో ముందు టప్ మని ఒక దెబ్బ, వెంటనే ఇనుము ఇనుమును కొరికిన శబ్దం. ఆ తర్వాత ఏమీ లేదు. కారు దానంతటది కొంత దూరం పోయి ఆగింది.

అమ్మ ముందుకు వంగి అడిగింది: "ఏట్రా, ఆడు దిగిపోనాడా?"

నేను దిగి బానెట్ ఎత్తాను.

వాల్వు విరిగి, తమ్ముడు గీయించిన హెడ్ పగిలింది. అలాంటిది మళ్లీ చేయడానికి ఏ కొలతలు పెట్టాడో ఎవరికీ తెలియదు. తుక్కుకు పోయిన ఇంకో కారు హెడ్ తెచ్చి బిగించారు. ఇప్పుడు బండి అన్ని బండ్లలాగే మెత్తగా తిరుగుతుంది. ఇంటి ముందు స్టార్ట్ చేస్తే వంటింట్లోంచి ఏ పిలుపూ రాదు. గిన్నెల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తుంది.

బిల్లు ఇది. తుక్కు కారు హెడ్ పదకొండు వేలు. వాల్వులు, పిస్టన్లు పదిహేను వేలు. కొత్త బెల్టు, మంచిదే, మూడు వేల రెండు వందలు. కూలీ తొమ్మిది వేలు. బండి లాక్కొచ్చినందుకు పద్దెనిమిది వందలు. మొత్తం నలభై వేలు. ఇందులో తమ్ముడి పగిలిన హెడ్‌ను తుక్కు కింద తీసుకున్నందుకు ఎనిమిది వందలు తగ్గింపు. మెకానిక్ మొదట ఆరు వందలే అన్నాడు.