పసుపు పూసిన కర్ర

పాలప్యాకెట్టు కత్తిరిస్తుండగా గోడ అవతలి నుంచి చెల్లెమ్మ గొంతు వినిపించింది. "అన్నయ్యా, ఓపాలి రా. మీ బావ లెగడం నేదు." కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తాను. బావ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రలోనే గుండె ఆగిందని తరువాత డాక్టరు చెప్పాడు. ఆ కత్తెర ఎక్కడ పెట్టానో, ఇంకా దొరకలేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగాళ్ళు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. గాజువాకలో పక్కపక్క ఇళ్ళలో ఇన్నేళ్ళున్నాక ఆ పిలుపే చుట్టరికమైపోయింది, ఆయన భార్య నాకు చెల్లెమ్మయింది. ఆయన ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు. రిటైరయ్యేనాటికి నీటికాసులు రెండు కళ్ళనూ తినేశాయి. అయినా సాయంత్రం బస్టాపు పక్కనున్న టీకొట్టుకు తెల్లకర్రతో ఒక్కడే నడిచి వెళ్ళేవాడు. నేను చెయ్యందిస్తే విదిలించేవాడు. "నానేటి పెళ్ళికూతుర్నా బావా, సెయ్యట్టుకుని నడిపిత్తన్నావ్?"

ఒకసారి ఆగి ఉన్న లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుపచువ్వ ఆయన నుదురు చీల్చింది. మామూలు తెల్లకర్ర నేలను తడుముతుంది గాని, తలకు ఎదురొచ్చేవాటి సంగతి దానికి తెలియదు. కుట్లు మానాక కొన్నదే ఆ వణికే కర్ర. పిడి కింద రెండు గుండ్రటి కళ్ళుంటాయి, సెన్సర్లు. ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే పిడి చేతిలో సన్నగా వణుకుతుంది. మొదటిరోజు టీ తాగొచ్చి, "మరీ పిరికిది బావా. మేకని సూసినా వణికిపోతంది, లారీని సూసినా వణికిపోతంది" అన్నాడు. తిట్టాడే గాని, ఆ రోజు ఆయన నడక చూడాలి మీరు.

దసరా వచ్చింది. ఫ్యాక్టరీలో బతికినవాళ్ళకు ఆయుధపూజ అంటే ఏమిటో వేరే చెప్పాలా? స్పానరు నుంచి స్కూటరు దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. చెల్లెమ్మ కర్రను ఘనంగా అలంకరించింది. ఆ రెండు కళ్ళకూ తడిపసుపు పూసి, పైన కుంకుమ దిద్దింది. మర్నాటికి కర్ర వణకడం మానేసింది. తుడిచాం, ఊదాం, ఎండలో పెట్టాం. పసుపు లోపలికి దిగిపోయింది. "నా కళ్ళు సాలక దాని కళ్ళు కూడా మూసేసినావేటే" అని బావ నవ్వాడు. ఆవిడ మాత్రం ఏడ్చింది.

కంపెనీకి ఫోను చేశాం. కర్ర మీదున్న నంబరు ఫొటో తీసి పంపమన్నాడు అవతలి కుర్రాడు. "బాబూ, నాకు కనిపిత్తే నీ కర్రెందుకు కొంతాను?" అన్నాడు బావ. ఫొటో నేను తీశాను. కర్ర పార్సిల్లో వెళ్ళింది. లోపలికి పసుపు పోయింది గనక గ్యారంటీ చెల్లదు, ఏదో ఒకటి చూస్తాం అన్నారు.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, అది నాకు పాత జబ్బు. నా పెళ్ళైన కొత్తలో కుట్టుమిషను బాగుచేసే అతనొకడు మా ఇంటికి వచ్చేవాడు. మిషను విప్పే ముందు మా ఆవిణ్ణి కూర్చోబెట్టి కుట్టమనేవాడు. ఆమె కాలు ఎలా తొక్కుతుందో చూశాకే స్క్రూ ముట్టుకునేవాడు. ఈ కథ బావకు ఎన్నిసార్లు చెప్పానో! విన్న ప్రతిసారీ ఒకటే మాట: "ఆడు బతికుంటే నా కర్ర ఆడికే సూపిద్దుం."

తరువాత మధురవాడలో ఆ కంపెనీ కర్రలు కొన్నవాళ్ళ మీటింగు పెట్టింది. ఆటో కట్టించుకుని వెళ్ళాం. ఒకాయన తెర మీద బొమ్మలు వేసి, "ఇక్కడ చూడండి" అని మొదలుపెట్టాడు. హాలంతా నవ్వు. మా నుంచి మీరేం ఆశిస్తున్నారని అడిగితే బావ లేచాడు. "నీ కర్ర మాట్టాడక్కర్నేదు, పాటలు పాడక్కర్నేదు బాబూ. గాజువాకలో అమ్మినోడికి గాజువాకలో దసరా ఉంటాదని తెలవాల. పూజ సేత్తే సచ్చిపోయే కర్ర మాకెందుకు?" చప్పట్లు కొట్టారు. మంచి సలహా అన్నారు. బిస్కట్లు పెట్టారు.

ఇక మిగిలింది ఎదురుచూడడమే. సాయంత్రం కాగానే నేను వెళ్ళి, "రా బావా, నా భుజం పట్టుకో, టీ తాగొద్దాం" అనేవాణ్ణి. గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలోంచి కదిలేవాడు కాదు. నుదుటి మచ్చ తడుముకుని, పాత తెల్లకర్ర కూడా వద్దనేవాడు. "కర్ర రానీ. నానే ఎల్తాను." తిట్టాను, బతిమాలాను. కంపెనీకి ఫోను చేస్తే, మీ ఫిర్యాదు మా దగ్గర ఉందనేవారు. చివరికి ఆ కొట్టు టీనే ఫ్లాస్కులో పట్టుకెళ్తే, ఓ గుక్క తాగి, "ఇది అక్కడి టీ కాదు బావా" అనేవాడు. గుండె ఆగడానికి కంపెనీ కారణమని నేననను. ఆ కుర్చీలో గడిచిపోయిన సాయంత్రాల గురించి మాత్రం ఎవరిని అడగాలో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

పెద్దకర్మ అయిన మర్నాడు పార్సిలు వచ్చింది. కర్ర బాగుచేశారు, పైసా అడగలేదు. దాని కళ్ళకు సరిపోయే మెత్తటి రబ్బరు మూత కూడా పెట్టారు. వెనకాలే ఫోను. మీటింగులో మాకు బిస్కట్లు అందించిన అమ్మాయి గొంతే. "అంకుల్, పూజ రోజు ఆ మూత తొడిగితే చాలు. సారు చెప్పారనే చేయించాం. ఎలా ఉందో ఆయన్ని అడిగి చెప్తారా?" ఎంత సంతోషంగా ఉందో ఆ పిల్ల! "అలాగేనమ్మా" అన్నాను.

చెల్లెమ్మ కొంగుతో కర్ర తుడిచింది. "దీన్నేటి సేత్తాం అన్నయ్యా?"

కర్ర అందుకుని పిడి మీది మీట నొక్కాను. ఆయనలాగే కళ్ళు మూసుకుని గుమ్మం వైపు నాలుగడుగులు వేశాను. పిడి నా చేతిలో వణికింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ ఖాళీ కుర్చీ. మీట ఆపడానికి మనసొప్పలేదు. అది వణుకుతూనే ఉంది.