అరువు గిన్నెల లారీ

గట్టయ్యకు ఎదుటివాళ్ల చేతిలో ఏ వస్తువు కనబడినా అది తన లారీకి కావలసిందే అనిపిస్తుంది. అడిగి తీసుకుంటాడు, తిరిగివ్వడానికి మాత్రం తొందరపడడు.

తార్నాక వైపు క్యాంపస్ గోడ పక్కన నిలిపిన ఆ లారీని తీయించడానికి క్యాంపస్ వాచ్‌మన్ చంద్రయ్య లాఠీ ఊపుకుంటూ వచ్చిన నాడు, ఎదురింటి సాలమ్మ తన గడపలో కూర్చుని అంతా చూసింది.

“ఈ ఇనుపకుప్ప తీస్తవా, తీయవా?”

“తీసుడెందుకు, నడుపుకుంటనే పోత. జెర గా కట్టె ఇటియ్యి, బానెట్ నిలుస్తలేదు.”

చంద్రయ్య నోరు తెరిచేలోపే లాఠీ బానెట్ కింద నిలబడింది.

“నా కట్టె ఇయ్యి!”

“గుంజుకో. బానెట్ నా నెత్తిన పడితే జవాబు నువ్వే చెప్పుకో.”

లాఠీ లేకుండా డ్యూటీకి పోలేక చంద్రయ్య మడ్‌గార్డు మీదే కూలబడ్డాడు. సాయంత్రానికి గట్టయ్యకు పానాలు, బోల్టులు అందిస్తున్నాడు. తీసెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

యూనివర్సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషికి ఇదేం పిచ్చో! యుద్ధం నాటి మిలట్రీ లారీని వేలంలో కొని, ఎడ్లతో లాగించి తెచ్చాడు. మెకానిక్కును దగ్గరికి రానివ్వడు. ఒక్క బోల్టు ఊడదీయడానికి రెండు రోజులు కిరసనాయిలు పోసి కూర్చుంటాడు.

“సుత్తెతోని ఒక్కటి తగిలియ్యరాదూ?” అంది సాలమ్మ.

“తుప్పు పట్టినదాన్ని కొడితే విరుగుతదక్కా. పోసుకుంట ఆగాలె. దానంతటదే వదులైతది.”

సాలమ్మ ఒంటరిది. హాస్టల్ వంటశాలలో పాతికేళ్లు కూరలు తరిగి ఇంట్లో కూర్చున్నాక ఆమె తలుపు తట్టినవాళ్లు లేరు. ఒకరిని చెయ్యి చాపి అడగడం తన వంశంలోనే లేదని చెప్పుకునేది. వినేవాళ్లూ లేరు, గోడలకే చెప్పుకునేది.

అలాంటి తలుపును గట్టయ్య రోజూ తట్టాడు. పెట్రోలు వడగట్టడానికి జల్లెడ. గ్రీజు కలపడానికి గరిటె. చివరికి అప్పడాల కర్ర!

“దాంతోని లారీకేం రొట్టెలు చేస్తవా?”

“పైపు వంకర పోయిందక్కా.”

ఏదీ చెప్పిన నాటికి తిరిగి తెచ్చింది లేదు. సాలమ్మే కొంగు బిగించి లారీ దాకా పోయి, అరగంట తిట్టి, చాయ్ తాగి తెచ్చుకునేది. అలా ఏడు నెలలు గడిచాయి.

లారీ ఒక రూపానికి వచ్చేకొద్దీ ఆమెకు గుబులు పెరిగింది. ఇది కదిలిన మర్నాడు తన తలుపు మళ్లీ మూగదే. అందుకే గట్టయ్య చెంచా అడిగినప్పుడు, లేదు పొమ్మంది. మనసొప్పక తనే తీసుకుపోయింది. సీటు పలక ఎత్తి ఉంది. కింద పెట్టెలో కొత్త జల్లెడ, గరాటా, నాలుగు చెంచాలు, గరిటె. అన్నీ గట్టయ్యవే.

“ఓరి సచ్చినోడా! ఇన్ని పెట్టుకొని నా గిన్నెలు మసి చేస్తివా?”

గట్టయ్య బుర్ర గోక్కున్నాడు. “ఊకె వచ్చి ‘బాగున్నవా అక్కా’ అంటే చీపురు తిరగేస్తుంటివి. తిట్టుకుంటనన్న బయటికి వస్తవని…”

“అంటే నేను తుప్పు బోల్టునా?”

“వదులైతివి గదా!”

సాలమ్మకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది. గట్టయ్య ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. నాలుగోసారికి లారీ దగ్గి, నల్లగా ఊది, గుర్రుమంది. చంద్రయ్య టోపీ ఎగరేశాడు.

“సోమవారం సంది నల్గొండ లైన్ల తిరుగుత. వారానికి ఒక్కనాడు దొరుకుత,” అన్నాడు గట్టయ్య గొంతు తగ్గించి. “వెనుక గల్లీల భారతమ్మ ఉన్నది. మొగడు పోయినకాడికెళ్లి తలుపేసుకున్నది. గామె తాన గూడ ఇట్లనే అడిగి తెస్తుంటి. ఇగ నువ్వు పో.”

“నేనా? ఒకరి గడపకు పోయి అడుగుడా?”

“నీ ఇంట్ల ఉన్నదే అడుగక్కా. తిడుతది, పడు. తెచ్చినంక మాత్రం ఎన్కకు ఇయ్యకు. ఆమెనే రానియ్యి.”