రేవు లేని దేశం

నా చిన్నప్పుడు, రేవు లేని దేశం ఒకటుందని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు. మావాళ్ళు సముద్రం దాటి వలస వచ్చిన రేవుపట్నంలో, పజుండౌంగ్ వాగు పక్కన మా ఇల్లు. మా తాతయ్య ఓడరేవులో బస్తాలు మోసి మా ఇంటిని నిలబెట్టిన మనిషి. బియ్యం ఓడలో పోతుంది, మనుషులు ఓడలో వస్తారు. కాబట్టి దేశమంటే ముందు రేవు, తరవాతే మిగతావన్నీ అనుకునేదాన్ని.

పక్కింటి అక్క హైస్కూల్లో చదివేది. పబేడాన్ పేటలో పాత పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన స్టాంపులు అట్టపెట్టెలో దాచుకునేది. ఒకరోజు పొద్దున్నే ఒకటి తీసి చూపించింది. కొండ మీద కోట, వెనకాల మంచు శిఖరాలు. ఆ దేశం పేరు లీక్టెన్‌స్టైన్ అంది.

"ఓడలేవీ?" అన్నాను.

అక్కడ సముద్రమే లేదంది. విరగబడి నవ్వాను. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఓడితే నా ఎర్ర రిబ్బన్లు అక్కకివ్వాలి. నలిగిపోతాయని అప్పటిదాకా నేను మడత కూడా విప్పని రిబ్బన్లవి. మర్నాడు అమ్మవారి సంబరంలో కట్టుకోవాలని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

గెలుపు నాదేనని తాతయ్య దగ్గరికి పరుగెత్తాను. ఎన్ని దేశాల ఓడలు ఎక్కి దిగిన మనిషి! తాతయ్య చుట్ట ఆర్పి, "నాకు తెల్దే గుంటా. తెలిసినోల్లని అడుగుదుం, పద," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వీధి తగవులన్నీ తీర్చే మా తాతయ్యకి తెలియని సంగతా?

వెళ్ళి అక్క వాళ్ళ చెక్క నేల మీద చతికిలబడ్డాడు. "నాను సదువుకోనోణ్ణి. నెమ్మదిగా సెప్పు తల్లీ," అన్నాడు, పదిహేనేళ్ళ పిల్లతో.

అక్క ముందు సిగ్గుపడింది. తరవాత చాప చుట్టి తూర్పున పెట్టి కొండలంది. తడిగుడ్డ పడమట పరిచి రైన్ నది అంది. మధ్యన మిగిలిన సన్నటి చోటే దేశం. వక్కల డబ్బా కొండ అంచున పెట్టింది. అది కోటట, రాజుగారి కుటుంబం ఇప్పటికీ అందులోనే ఉంటుందట, దాని కిందే రాజధాని వాడూజ్. నది మీద ఇంటికున్నట్టు పైకప్పున్న చెక్క వంతెన ఉందట. నదికవతల స్విట్జర్లాండ్, కొండలకవతల ఆస్ట్రియా. ఆ రెంటికీ కూడా సముద్రం లేదట.

"నదుంది కదమ్మా, అదెక్కడికెల్తాది?" అన్నాడు తాతయ్య.

"సముద్రానికే తాతా."

నేను గంతేశాను. రిబ్బన్లు దక్కినట్టే! కానీ ఆ దాపుల్లో నీళ్ళ వడి ఎక్కువ, లోతు తక్కువ, ఓడలు తిరిగేది ఎంతో దిగువన అని అక్క చెప్పింది.

"మరి బస్తాలెలాగొత్తాయి?"

"లారీల్లో, రైల్లో."

"ఓలమ్మ! నానక్కడ పుట్టుంటే నా నడుం బాగుండును!"

అందరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక తాతయ్య నా వైపు తిరిగి, "ఓడిపోనావు. ఎల్లి తెచ్చియ్యి," అన్నాడు. బతిమాలితే వినే మనిషి కాదు. తెచ్చిచ్చాను.

మర్నాడు సంబరంలో రిబ్బన్లు రెండూ అక్క జడలకే ఉన్నాయి. నా జడకి నల్లదారం. అయినా కనపడ్డ ప్రతి పిల్లనీ ఆపి, సముద్రం లేని దేశం సంగతి నేనే గొప్పగా చెప్పాను. తాతయ్య రేవులో తోటివాళ్ళందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ, "మా పక్కింటి పిల్ల నేర్పింది," అనేవాడు.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ఇప్పుడు అదే ఊళ్ళో, తామ్వే పేటలో కొడుకింట్లో ఉంటున్నాను. నాది గట్టి నోరని, కాసు రాలని పిసినారి చెయ్యి అని పిల్లలంటారు, అననీ. నిన్న మందు సీసా మీద ఇంగ్లీషులో ఏం రాశారో చెప్పమని మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రోజుకొక్క చెంచాయేనట. నేను వారం నుంచి మూడు తాగుతున్నాను. అది నవ్వింది, నేనూ నవ్వాను. తెలియదని చెప్పడానికి ఖర్చేమీ లేదు. తెలిసినట్టు నటించడానికే బోలెడవుతుంది. ఇంత పొదుపైన చదువు మా తాతయ్య తప్ప నాకింకెవరూ చెప్పలేదు.